రాసినవాడూ, చూసినవాళ్ళూ

మార్త బట్టలు సంచిలో సర్దుతున్నది కిరణ్మయి. మార్త మంచం అంచున కూర్చుని, అవి ఇంకెవరివో అన్నట్టు చూస్తోంది.

"ఈ నీలం శాలువా లోపల పెట్టేదా, బస్సులో కప్పుకుంటావా?"

"ఏదైనా ఒకటే అక్కా."

"ఒకటి కాదు. కిటికీ పక్క సీటు నీది. చలికి వణుకుతావు."

గుమ్మంలో అంజినమ్మ స్టీలు డబ్బా పట్టుకుని నిలబడి ఉంది. ఇంట్లో ఎవరి సంచి అటక మీది నుంచి దిగినా ఆమె ఏదో ఒకటి వండి కట్టివ్వందే ఉండలేదు. పోయేవాళ్ళు పరాయివాళ్ళయినా అంతే.

"చిత్రాన్నం కలిపినానమ్మా. నిమ్మకాయ రోంత ఎక్కువే పిండినా. తెల్లారేదాకా చెడదు."

"ఎందుకాంటీ మీకు ఈ శ్రమ? నాకు ఆకలి లేదు."

"ఇప్పుడు లేదు. చిత్తూరు దాటినాక అయితాది. తిండి మీద కోపం ఎందుకు తల్లీ?"

మార్త డబ్బా అందుకుంది. ఒళ్ళో పెట్టుకుని మూత మీద వేలితో రాస్తూ, రోజూ అడిగే మాటే మళ్ళీ అడిగింది.

"అక్కా, ఆ పెద్దావిడకి ఎలా ఉందంట?"

"కళ్ళు తెరిచిందంట. మాట రాలేదంట ఇంకా."



మార్త ఒంగోలు పిల్ల. కిరణ్మయి కింద పనిచేస్తుంది. కంప్యూటర్ మీద ఇంకొకళ్ళు రాసిన పనిని పట్టి పట్టి చూసి తప్పులు ఏరడం ఆ ఇద్దరి ఉద్యోగం. రాసేవాళ్ళలో ఒకడు శశిధర్. అంజినమ్మ కొడుకు, కిరణ్మయి మొగుడు. ముగ్గురిదీ ఒకటే కంపెనీ. రాజీనామా ఇమ్మని మేనేజరు గిరిధర్ చెప్పిన రోజున, పీజీ హాస్టల్లో అందరి ముందూ ఏడవలేక మార్త బెంగళూరు మారతహళ్ళిలోని వీళ్ళ ఇంటికి వచ్చింది. అప్పటినుంచీ ఇక్కడే ఉంది.

వాళ్ళ కంపెనీ ఒక ఊరి ఆసుపత్రికి రక్తపరీక్షల రిపోర్టులు అచ్చువేసే పని చేసిపెట్టింది. ఒకే రోజు ఆ ఆసుపత్రిలో మారెమ్మ అనే పేరుతో ఇద్దరు చేరారు. ఒకామె రిపోర్టు ఇంకొకామె మంచం దగ్గరకు వెళ్ళింది. చక్కెర జబ్బు లేని మారెమ్మకు చక్కెర తగ్గించే సూదిమందు పడింది. పరీక్ష చేసి బాగుందన్నది ఎవరు అని పైవాళ్ళు అడిగారు. మార్త అని గిరిధర్ చెప్పాడు.

మార్త చూసిన రోజున అది బాగానే ఉంది. రోగి నంబరు కొడితేనే రిపోర్టు వచ్చేది. నంబర్లు గుర్తుండటం లేదు, పేరు కొట్టినా రావాలి అని ఆసుపత్రివాళ్ళు అడిగింది ఆ తర్వాత. శుక్రవారం సాయంత్రం శశిధర్ ఆ మార్పు చేశాడు. రోగి పేరు దగ్గర తన పేరే కొట్టి ఒక్కసారి చూసుకున్నాడు. రిపోర్టు వచ్చింది. అతని కంప్యూటర్‌లో శశిధర్ అనే రోగి ఒక్కడే ఉన్నాడు మరి. చిన్న మార్పే కదా అని ఎవరికీ చెప్పకుండా సీడీలో ఎక్కించి పంపేశాడు.

మార్పు ఎవరు చేశారో గిరిధర్‌కు తెలుసు. మార్త చూడకముందు చేశారా, చూశాక చేశారా అన్నది తెలియదు. అది తెలిసింది ఈ ఇంట్లో ఉన్నవాళ్ళకే. అక్క కాపురం మీదికి వస్తుందని మార్త నోరు విప్పలేదు.

గిరిధర్ మరి కాసేపట్లో వస్తాడు. ఆఫీసు నుంచి ఇంటికి పోతూ, మార్త చేత సంతకం పెట్టించుకుని పోతానన్నాడు.

కిరణ్మయి సంచి జిప్పు లాగి లేచింది.

"నీ కొడుకు ఇంకా బాల్కనీలోనే ఉండాడా అత్తా?"

"ఉండాడు. సుమ్నే ఊరుకోమ్మా, ఇప్పుడేం కదిలియ్యొద్దు."

ఆ మాట వినిపించుకోకుండానే కిరణ్మయి వెళ్ళింది. తీగ మీద బట్టలు తీసే మిషతో అంజినమ్మ కూడా వెనకే వెళ్ళింది.

శశిధర్ పిట్టగోడకు మోచేతులు ఆనించి రింగ్‌రోడ్డు కేసి చూస్తున్నాడు. బెళ్ళందూరు వైపు నుంచి ఆఫీసు క్యాబులు ఒకదాని వెనక ఒకటి వస్తున్నాయి. పెళ్ళాం వచ్చిందని తెలిసీ తిరగలేదు.

"గిరిధర్ బయల్దేరినాడు. ఫోన్ వచ్చింది."

"నాకూ వచ్చింది."

"చెప్తావా?"

"ఏం చెప్పాల?"

"మార్త చూసినాక నువ్వు మార్చినావని. ఒక్క మాట."

"ఒక్క మాటే. దాంతో మార్త బదులు నేను ఇంట్లో కూర్చుంటా. అంతే కదా నీకు కావాల్సింది?"

"నువ్వు ఇంట్లో కూర్చోవాలని కాదు. ఆ పిల్ల చేయని తప్పు మోసుకుని ఊరికి పోతాండాది."

శశిధర్ అప్పుడు తిరిగాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. రోజులుగా సరిగా నిద్ర లేదు వాడికి. 

"కిరణ్, టెస్టింగ్ అని ఒకటి ఎందుకు పెట్టినారు చెప్పు. రాసేవాడే అన్నీ చూసుకోవాలంటే మీరెందుకు? నేను రాసింది నేనే చూస్తే నాకేం కనపడతాది? నేను అనుకున్నదే కనపడతాది. అందుకే కదా వేరే కండ్లు కావాలనేది."

"నిజమే. వేరే కండ్లు కావాల. నేను కాదన్నానా? అంటే నీ కండ్లు మూసుకోమనా? రాసేటప్పుడు, ఇద్దరికి ఒకే పేరుంటే ఏమైతాది అని నిన్ను నువ్వు అడుక్కోకూడదా? రాసేస్తారు, మా ముందర పడేస్తారు, చేతులు దులుపుకుంటారు. నడిస్తే మీ తెలివి. నడవకపోతే మా తప్పు."

"టైమ్ యాడుండాది? తేదీ గిరిధర్ ఇచ్చేస్తాడు. నన్నడిగి ఇస్తాడా? శుక్రవారం పంపకుంటే సోమవారం నా గొంతు మీద కూర్చుంటాడు."

"సోమవారం దాకా ఆగింటే మార్త చూసిండేది. అది మొదట కొట్టేదే ఒకే మాదిరి పేర్లు. నీకూ తెలుసు."

"ఆగే పరిస్థితి లేదు."

"ఆ మారెమ్మకి ఇప్పుడేం పరిస్థితి ఉండాది?"

శశిధర్ మళ్ళీ రోడ్డు వైపు తిరిగాడు.

పక్క ఫ్లాటు కిటికీ తెరుచుకున్న చప్పుడైంది. అంజినమ్మ ఆరిన బట్టలు గుండెకు అదుముకుని ముందుకొచ్చింది. గొంతు తగ్గించి మాట్లాడింది.

"గలాటా వద్దమ్మా. వింటారు. నేనొక మాట చెప్తా, తప్పుగా అనుకోవద్దు. మా ఇంట్లో మగ్గం ఉన్నన్నాళ్ళూ నేసేది మీ మామ. చీర కోసినాక, వాకిలి కాడ వెలుతురుకు పట్టి, తెగిన పోగులు చూసేది నేను. యాడన్నా పోగు తప్పి సావుకారు చీర తిప్పి పంపితే, ఏమమ్మా అంజినమ్మా, నీకు కండ్లు లేవా అని నన్నే కదా అనేది? మీ మామను ఒక్కనాడు అడగలేదు. నేను పడితిని. చూసేవాళ్ళకి అది తప్పదు. సంసారం అంటే అంతే."

ఆమె ఓదార్పుగానే చెప్పింది. కిరణ్మయి మొహం చూశాక, చెప్పకుండా ఉండాల్సిందేమో అనిపించింది.

"మామ అప్పుడు ఏం చేస్తా ఉండేవాడు అత్తా? సావుకారు నిన్ను అంటా ఉంటే?"

అంజినమ్మ ఆలోచించింది. ఆమె మొగుడు గంగన్న వక్కాకు నములుతూ గోడకేసి చూస్తూ కూర్చునేవాడు. చెడ్డవాడు కాదు. సావుకారు పోయాక, బేజారు పడొద్దులేవే అనేవాడు కూడా.

"ఏం చేస్తాడు పాపం. ఊరికే ఉండేవాడు."

"ఈయన యాడుండేవాడు?"

"యాడుంటాడు? చిన్నోడు. నా పక్కనే."

"అదే అత్తా. నువ్వు పడతా ఉంటే పక్కన కూర్చుని చూసినాడు. అందుకే ఇంత బాగా నేర్చుకున్నాడు."

"మా నాయన ఊసు ఇక్కడెందుకు?" శశిధర్ గొంతు లేచింది.

కిరణ్మయి అతన్ని అలాగే చూస్తూ నిలబడింది. వాళ్ళిద్దరూ తిట్టుకున్నప్పుడు అంజినమ్మకు ఇంత భయం వేయలేదు. తిట్టుకునేవాళ్ళు మళ్ళీ కలుస్తారు. ఈ చూపు అలాంటిది కాదు. కొడుకు నోరు తెరిస్తే ఉద్యోగం పోతుంది, తెరవకపోతే కోడలు పోతుంది అని ఆ క్షణాన ఆమెకు తేటగా తెలిసింది.

శశిధర్ పిట్టగోడ వదిలి నిలబడ్డాడు.

"సరే. చెప్తాలే."

కిరణ్మయి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అతని చొక్కా మోచేతుల దగ్గర అంటిన సున్నం చేత్తో దులిపి లోపలికి వెళ్ళింది.

గిరిధర్ వచ్చేసరికి చీకటి పడలేదింకా. వరంగల్ వైపు మనిషి. ఎప్పుడొచ్చినా నవ్వుతూ వస్తాడు. ఇవాళ కూడా నవ్వబోయాడు గానీ కుదరలేదు. చెప్పులు విప్పి, అంజినమ్మ ఇచ్చిన నీళ్ళు గటగటా తాగాడు.

"అమ్మా, చిత్రాన్నం వాసన వస్తున్నది. ఉద్యోగం తియ్యనీకి వచ్చినోనికి పెడ్తరా, పెట్టరా?"

"ఆకలితో వచ్చినోళ్ళకి లేదంటామా అప్పా?"

"వద్దులే అమ్మా. నా గొంతుల దిగదు ఇయ్యాల."

మార్త వచ్చి కుర్చీ అంచున కూర్చుంది. గిరిధర్ కాగితం తీసి టీపాయ్ మీద పెట్టాడు. పెన్ను పక్కన పెట్టాడు.

"మార్తా, నేను నీకు మంచే చేస్తున్న. నువ్వే మానేసినవని రాస్తే నీ సర్టిఫికెట్‌ల మచ్చ ఉండదు. కంపెనీ తీసేసిందంటే ఇంకెవ్వరు తీసుకోరు నిన్ను. సమజైందా?"

"అయింది సార్."

"నాకు గూడ ఇది మంచిగ లేదు. కానీ పైనోళ్ళు అడుగుతున్నరు. నేనేం చెయ్యాలె?"

మార్త పెన్ను మీద చెయ్యి వేసింది.

"గిరీ, ఒక్క నిమిషం," అన్నాడు శశిధర్.

అందరూ అతని వైపు చూశారు. కిరణ్మయి వంటగది గుమ్మానికి ఆనుకుని నిలబడి ఉంది. అంజినమ్మ ఆమె పక్కనే ఉంది. కొడుకు మెడ మీద చెమట పట్టడం ఆమెకు అక్కడినుంచే కనిపించింది.

"ఆ పేరు మార్పు శుక్రవారం సాయంత్రం చేసినా. మార్త చూసినాక."

కిరణ్మయి గట్టిగా ఊపిరి వదలడం వినిపించింది. అంజినమ్మకు భయమేసింది. అయినా ఎక్కడో లోపల గర్వంగానూ ఉంది. నా బిడ్డ చెప్పినాడు అనుకుంది.

గిరిధర్ ముందుకు వంగాడు.

"చూసినాకనా? మరి టెస్టింగోళ్ళకు చెప్పలేదా?"

శశిధర్ మెడ మీది చెమట తుడుచుకున్నాడు.

"శశీ, ఇది పెద్ద విషయం. చెప్పి పంపితే ఒకటి. ఎవ్వరికి చెప్పకుండ పంపితే వేరే. ఆ పెద్దమనిషికి ఏమన్న అయితే పోలీసుల దాక పోతది. చెప్పినవా, లేదా?"

పోలీసులు అన్న మాట విని అంజినమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. శశిధర్ నేలకేసి చూశాడు. తర్వాత గోడకేసి చూశాడు. అచ్చం వాళ్ళ నాయన లాగే కూర్చున్నాడు.

"చెప్పినా. కిరణ్‌కి ఫోన్ చేసి చెప్పినా."



"నాకా?" అంది కిరణ్మయి.

"ఆ పొద్దు నువ్వు ఆ పెళ్ళి హడావుడిలో ఉండావు. విని మర్చిపోయింటావు. నీ తప్పు అంటల్లేదు నేను. నాదీ ఉండాది, నీదీ ఉండాది, అందరిదీ ఉండాది. నువ్వే కదా ఎప్పుడూ అనేది, మంచి చెడ్డా అందరూ కలిసి మోయాలని."

"అందరిది అంటే పైనోళ్ళు ఒప్పుకోరు," గిరిధర్ నుదురు రుద్దుకున్నాడు. "వాళ్ళకు ఒక్క పేరు కావాలె."

కిరణ్మయి మొగుడి వైపు చూడలేదు. గిరిధర్ వైపూ చూడలేదు. పక్కకు తిరిగి అత్తను చూసింది.

"అత్తా, ఆ సాయంత్రం మనం దొడ్డబళ్ళాపురంలో ఉంటిమి. సొన్నప్ప మామ ఇంటి పెళ్ళిలో. పట్టుచీరలో ఫోను యాడ పెట్టుకోవాల్నో తెలీక నీకిచ్చినా. నువ్వు బొడ్లో దోపుకుంటివి. మళ్ళీ ఇంటికొచ్చినాకే నాకిచ్చినావు. ఫోను మోగిందా?"

అంజినమ్మకు బాగా గుర్తుంది. అది మోగితే ఏ బటన్ నొక్కాలో తెలియదని సాయంత్రమంతా భయపడుతూనే ఉంది. వడ్డన దగ్గర, హారతి దగ్గర, బస్సులో, పదే పదే నడుం తడుముకుని చూసుకుంది. మోగితే ఆమెకే ముందు తెలిసేది, ఒంటికి ఆనుకునే ఉంది కాబట్టి. అది మోగలేదు.

"చెప్పండమ్మా," అన్నాడు గిరిధర్. ఈసారి అతని గొంతులో కూడా ఏదో ఆశ ఉంది.

అంజినమ్మ కొడుకును చూసింది. శశిధర్ తలెత్తలేదు. పోలీసులు, కటకటాలు, వాడి ఎర్రటి కళ్ళు, ఏవేవో ఒక్కసారిగా కళ్ళ ముందు తిరిగాయి.

"ఏమోనప్పా..." అంది. ఆ గొంతు ఆమెకే వేరేవాళ్ళదిలా వినిపించింది. "మేళాల మోత. పిల్లోళ్ళ అరుపులు. నాకేం జ్ఞాపకముంటాది? మోగిందేమో."

కిరణ్మయి ఆమెను చూస్తూనే ఉంది. ఆ చూపులో కోపం లేదు. కోపం ఉంటే బాగుండు అని అంజినమ్మ అనుకుంది.

"కాఫీ కలుపుతానుండండి," అని వంటగదిలోకి పోబోయింది. కిరణ్మయి గుమ్మంలో నుంచి పక్కకు జరిగి దారి ఇచ్చింది.

"కిరణ్, రేపు పొద్దున నువ్వు గూడ వచ్చి కూర్చోవాలె," గిరిధర్ అంటున్నాడు. "నీకు చెప్పిండని అంటున్నడు కదా, అప్పుడు నీ పేరు గూడ..."

"ఎందుకు సార్?" మార్త గొంతు మొదటిసారి పైకి లేచింది. "ఒక్క పేరు చాలన్నారుగా. ఆ పేరు మీ దగ్గర ముందే ఉందిగా."

పెన్ను తీసి కాగితం మీద సంతకం పెట్టేసింది. గిరిధర్ వద్దనేలోపే అయిపోయింది.

"ఇంక అక్క పేరు ఎక్కడా ఎత్తొద్దు. నేను చూశాను, నాకు కనపడలేదు. అలాగే రాసుకోండి."

"మార్తా, నీకేమైనా పిచ్చా?" కిరణ్మయి ఆమె చెయ్యి పట్టుకుంది.

"మా అమ్మ నన్ను ఇంట్లోకి రానిస్తుందక్కా. నాకు అది చాలు. నువ్వు రేపు పొద్దున ఆఫీసుకూ పోవాలి, సాయంత్రం ఈ ఇంటికీ రావాలి."

గిరిధర్ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఎవరికీ చెప్పకుండానే వెళ్ళిపోయాడు. కాఫీ తాగేవాళ్ళు లేక గిన్నెలోనే ఉండిపోయింది.

బస్సు టైమవుతోంది. కిరణ్మయి సంచి అందుకుంది.

"మెజెస్టిక్ బస్టాండు దాకా పోయి ఎక్కించొస్తా," అని ఎవరినీ చూడకుండా చెప్పింది.

శశిధర్ లేచాడు. "నేను దింపుతా."

"వద్దు."

"కిరణ్, నేనేం కావాలని..."

"ఆటో పిలిచినా. కింద ఉండాది."

మార్త అంజినమ్మ దగ్గరకు వచ్చి చేతులు పట్టుకుంది. "వెళ్ళొస్తానాంటీ. మీ చిత్రాన్నం తింటాను. బాధపడకండి, మీరేం చేస్తారు పాపం."

అంజినమ్మ ఉలిక్కిపడింది. ఆ మాట తనది. కాసేపటి క్రితం గంగన్న గురించి తను అన్న మాట. ఈ పిల్ల వినే అన్నదో, ఊరికే అన్నదో తెలియలేదు.

"బేగ వచ్చెయ్యి తల్లీ," అంది కోడలితో. "వాన పట్టేటట్టుండాది. నువ్వొచ్చినాకే తింటా."

కిరణ్మయి చెప్పులేసుకుంటూ ఆగింది. ఏదో అంటుందని అంజినమ్మ ఎదురుచూసింది.

"పొయ్యి మీద పప్పుసారుండాది అత్తా. పొంగతాది, కట్టెయ్యి."

మెట్ల మీద ఇద్దరి అడుగులూ కిందికి దిగిపోయాయి. ఆటో తిరిగిన చప్పుడైంది. అంజినమ్మ వెళ్ళి స్టవ్ కట్టేసింది. హాల్లోకి వచ్చేసరికి శశిధర్ రెండు చేతుల్లో మొహం పెట్టుకుని ఉన్నాడు.

"అమ్మా, నువ్వు ఎందుకట్ల చెప్పినావు?"



"నువ్వు చెప్పిందే కదప్పా నేను చెప్పింది," అంది అంజినమ్మ.

మార్త ఏడాది తిరక్కుండానే బెంగళూరుకు వచ్చింది, వేరే కంపెనీలో చేరింది. ఆసుపత్రిలో మారెమ్మ కూడా మాట వచ్చి తన ఇంటికి చేరింది. అంజినమ్మ ఇంటికి మళ్ళీ రానిది కిరణ్మయి ఒక్కతే. ఆమె ఆటో ఎక్కిన ఆ రోజు రెండువేల మూడో సంవత్సరం, జూలై నెల, గురువారం.